పెద్ద క్యాట్‌ఫిష్ పెంచాలంటే: ట్యాంక్ నుంచి కొలను దాకా

షాపులో కనిపించే రెడ్‌టెయిల్ క్యాట్‌ఫిష్ పిల్ల వేలెడంతే ఉంటుంది. నల్లటి వీపు, పక్కన తెల్లటి పట్టీ, పొడుగాటి మీసాలు, తోకకు అంటీ అంటని ఎరుపు. చూడగానే తెచ్చేసుకోవాలనిపిస్తుంది. కడుపునిండా మేపితే ఏడాదిలోపే అది అడుగు దాటుతుంది. ఆ తర్వాత కొన్నేళ్లలో మూడడుగులకు చేరుతుంది. అమెజాన్‌లో 1.3 మీటర్ల పొడవు, 50 కిలోలకు పైగా బరువున్నవి దొరికాయి. సరిగ్గా చూసుకుంటే ఇళ్లలోనూ 15 ఏళ్లు దాటి బతుకుతుంది.

ఈ చేపల్లో ఎక్కువ శాతం జబ్బుతో పోవు, చోటు చాలక పోతాయి. కాబట్టి ఇక్కడ క్రమం తిరగేసి చెబుతున్నాను: ముందు చేప పెద్దయ్యాక ఎక్కడుంటుందో తేల్చుకోండి, తర్వాత నీళ్లు సిద్ధం చేయండి, చేపను చివర్లో కొనండి.

1. ఏ చేపో తేల్చుకోండి

క్యాట్‌ఫిష్ అన్నీ ఒకే బాపతు కావు. వేటాడే పెద్ద రకాల్లో ఇళ్లకు ఎక్కువగా చేరేది రెడ్‌టెయిలే. మొండి ప్రాణం, త్వరగా మచ్చికవుతుంది, మనిషి దగ్గరకు రాగానే పైకి వస్తుంది. దాని కష్టమంతా సైజుతోనే.

టైగర్ షవల్‌నోస్‌కు చపటగా సాగిన మూతి, ఒంటి మీద పులిచారలు ఉంటాయి. మీటరు దాకా పెరుగుతుంది. పిరికిది. చీకట్లో ఒక్కసారిగా లైటు వేస్తే ఉలిక్కిపడి నేరుగా అద్దానికి మూతి గుద్దుకుంటుంది. రెడ్‌టెయిల్, షవల్‌నోస్‌ల సంకరం కూడా అమ్ముతారు. అదీ తల్లిదండ్రులంతే పెరుగుతుంది, ఆకలీ అంతే.

'ఇరిడిసెంట్ షార్క్' పేరుతో అమ్మేది షార్క్ కాదు. మెకాంగ్, చావో ఫ్రాయా నదుల్లో పుట్టిన పంగస్ చేప. ఆహారం కోసం పెద్ద ఎత్తున పెంచేది ఇదే. 1.3 మీటర్ల దాకా పెరుగుతుంది, గుంపులో ఉంటేనే కుదురుగా ఉంటుంది. నా దృష్టిలో దీన్ని అద్దాల ట్యాంకులో పెట్టకూడదు. దీని దగ్గరి బంధువు పరూన్ షార్క్ 3 మీటర్లు, 300 కిలోల దాకా పెరిగే చేప. నదుల్లో అంతరించిపోయే దశలో ఉంది. ఇళ్లలో దానికి చోటే లేదు.

కొలనుల్లో పెంచే పెద్ద రకాల్లో వాలుగ ఒకటి. నోరు కళ్ల వెనక దాకా చీలి ఉంటుంది, లోపల వరుసలుగా పదునైన పళ్లు. దానితో పాటు వదిలిన ప్రతి చిన్న చేపా దానికి మేతే. చలి దేశాల కొలనుల్లో యూరప్‌కు చెందిన వెల్స్ క్యాట్‌ఫిష్ తట్టుకుంటుంది కానీ అది రెండు మీటర్లు దాటిపోయే చేప.

ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్ జోలికి మాత్రం వెళ్లకండి. గాలి పీల్చుకుంటుంది, తడి నేల మీద పాకి పక్క నీటిలోకి వెళ్లిపోతుంది, అక్కడి చేపలన్నిటినీ తినేస్తుంది. భారత్‌లో దీని పెంపకం నిషేధం. అమెరికాలో దీని కుటుంబం మొత్తం హానికర జీవుల జాబితాలో ఉంది. ఏ చేప అయినా కొనే ముందు మీ దగ్గరి చట్టం ఏమంటుందో చూసుకోండి.

మీ హద్దు ఆరడుగుల ట్యాంకే అనుకుంటే నిరుత్సాహపడాల్సిన పని లేదు. లైమా షవల్‌నోస్ అరమీటరు దగ్గరే ఆగిపోతుంది, మూతి, మీసాలు, వేట తీరు అన్నీ పెద్ద షవల్‌నోస్‌వే. గల్పర్ క్యాట్‌ఫిష్ 25 సెంటీమీటర్లు దాటదు కానీ దాదాపు తనంత పొడవున్న చేపను కూడా మింగేస్తుంది. చాకా చాకా 20 సెంటీమీటర్లు ఉంటుంది, రోజంతా ఎండుటాకులా అడుగున పడి ఉండి నోటి ముందుకొచ్చినదాన్ని గుటుక్కుమనిపిస్తుంది. చాలామందికి సరిపోయేవి ఇవేనని నేను గట్టిగా నమ్ముతాను.

2. చోటు లెక్క కట్టండి

చేప పూర్తిగా ఎదిగాక ఎంత పొడవుంటుందో దానికి నాలుగింతల పొడవు, రెండింతల వెడల్పు ఉండాలి. వెడల్పు ఏ పరిస్థితిలోనూ ఒకటిన్నర రెట్ల కంటే తగ్గకూడదు. లోతు కంటే వెడల్పు ముఖ్యం, ఎందుకంటే ఒళ్లు వంచకుండా చేప తిరగాల్సింది అక్కడే. మీటరు చేపకు 4 మీటర్ల పొడవు, 2 మీటర్ల వెడల్పు, మీటరు లోతు నీళ్లంటే 8,000 లీటర్లు. నీళ్ల బరువే 8 టన్నులు. పై అంతస్తులో ఇంజనీరును అడగకుండా పెట్టే బరువు కాదిది.

పోల్చి చూసుకోండి. 'పెద్ద ట్యాంక్' అని మనం అనుకునే 180 × 60 × 60 సెంటీమీటర్ల ట్యాంకులో పట్టేవి 648 లీటర్లు. రెండేళ్లలోపే 60 సెంటీమీటర్లకు చేరే రెడ్‌టెయిల్ అందులో తిరగాలంటే వెన్ను వంచాల్సిందే.

ట్యాంక్ సైజును బట్టే చేప పెరుగుతుందని చెప్పేవాళ్లు ఉంటారు. నమ్మకండి. ఇరుకులో, మురికి నీళ్లలో ఎదుగుదల మందగిస్తుంది, నిజమే. అది ఆరోగ్యంగా చిన్నగా ఉండిపోవడం కాదు. వెన్ను వంకరపోతుంది, ఆయుష్షు తగ్గిపోతుంది.

పిల్లగా ఉన్నప్పుడు కొన్ని నెలలు చిన్న ట్యాంకులో ఉంచడం తప్పేమీ కాదు. పెద్ద చోటు అప్పటికే సిద్ధంగా ఉండాలి, అదొక్కటే షరతు. 'పెద్దయ్యాక కట్టిద్దాంలే' అనుకుంటే చేప పెరిగినంత వేగంగా డబ్బూ చోటూ సమకూరవు.

3. ట్యాంక్ లోపల

అడుగున సన్నటి ఇసుక వేయండి, లేదా ఏమీ వేయకుండా వదిలేయండి. గులకరాళ్లు వద్దే వద్దు. మేతతో పాటు రాళ్లు మింగితే పేగులో ఇరుక్కుంటాయి. లోపల పెట్టే ప్రతి వస్తువూ చేప తల కంటే పెద్దదై ఉండాలి. థర్మామీటరు, రబ్బరు సక్షన్ కప్పులు, చిన్న స్పాంజి ఫిల్టర్లు రెడ్‌టెయిల్ కడుపులోకి వెళ్లిన సందర్భాలు కోకొల్లలు.

హీటర్‌ను ట్యాంకులో కాకుండా కింద సంప్‌లో, అంటే ట్యాంక్ నీళ్లు వడపోతకు వచ్చి వెళ్లే విడి తొట్టిలో పెట్టండి. తోక దెబ్బకు గాజు హీటర్ పగిలితే కరెంటు నీళ్లలోకి వస్తుంది. కరెంటు లీకైన వెంటనే సరఫరా ఆపేసే ఎర్త్ లీకేజి బ్రేకర్ ఎలాగూ తప్పనిసరి. అమెజాన్ రకాలకు 24 నుంచి 28 డిగ్రీలు, పీహెచ్ (నీళ్ల ఆమ్ల, క్షార గుణాన్ని చూపే అంకె) 6 నుంచి 7.5 మధ్య ఉంటే చాలు. పీహెచ్ ఫలానా అంకెలోనే ఉండాలని మందులు పోయకండి. నిలకడగా ఉండటం ముఖ్యం.

మూత బరువుగా ఉండాలి, పైగా బిగించి ఉండాలి. దాక్కోవడానికి వెడల్పాటి పైపు ముక్క పెట్టండి, చేప ఎదిగే కొద్దీ దాన్ని మార్చండి. పాత పైపులో ఒళ్లు ఇరుక్కుని రెక్కల ముళ్లు అడ్డంపడితే వెనక్కి రాలేదు. లైటు మసకగా ఉంచి, వేసేటప్పుడు ముందు గదిలో లైటు, కాసేపాగి ట్యాంక్ లైటు వేయండి. షవల్‌నోస్‌లకు, పంగస్‌లకు ఈ చిన్న జాగ్రత్త మూతి గాయాలను చాలావరకు తప్పిస్తుంది.

4. చేప రాకముందే ఫిల్టర్ పండాలి

మాంసం తినే చేప వదిలేది ప్రధానంగా అమ్మోనియా. దాన్ని ఒక రకం బ్యాక్టీరియా నైట్రైట్‌గా, ఇంకో రకం నైట్రేట్‌గా మారుస్తుంది. మొదటి రెండూ విషాలు. మూడోది నెమ్మదిగా పేరుకుంటుంది, నీళ్లు మార్చి తీసేస్తాం. ఈ బ్యాక్టీరియా ఫిల్టర్‌లో స్థిరపడటానికి మామూలుగా 4 నుంచి 6 వారాలు పడుతుంది.

చేప లేకుండానే ఈ పని పూర్తి చేయండి. సువాసనలు, సబ్బు కలవని అమ్మోనియా ద్రావణం కొద్దిగా పోసి 2 పీపీఎమ్‌కు (లీటరుకు 2 మిల్లీగ్రాములు) తీసుకురండి. అది తగ్గినప్పుడల్లా మళ్లీ పోస్తూ ఉండండి. 2 పీపీఎమ్ అమ్మోనియా 24 గంటల్లో సున్నాకు వచ్చి, నైట్రైట్ కూడా సున్నా చూపిస్తే ఫిల్టర్ సిద్ధమైనట్టు. ఆరోగ్యంగా ఉన్న పాత ట్యాంక్ నుంచి ఫిల్టర్ మీడియా, అంటే బ్యాక్టీరియా పట్టి ఉండే సరుకు, కొంత తెచ్చి వేస్తే సమయం బాగా కలిసొస్తుంది.

ఇంత పెద్ద చేపకు సంప్ ఫిల్టరే మేలు. పంపు గంటకు ట్యాంక్ నీళ్లను నాలుగైదు సార్లు తిప్పాలి. నీళ్లు ముందుగా మురికిని ఆపే స్పాంజి లేదా సాక్ (వడపోత సంచి) గుండా, తర్వాత బ్యాక్టీరియా ఉండే మీడియా గుండా వెళ్లాలి. స్పాంజిలో ఇరుక్కున్న మలం కంటికి కనబడకపోయినా నీళ్లలో ఉన్నట్టే. వారానికి రెండు సార్లయినా దాన్ని కడగండి. మీడియాను మాత్రం కుళాయి నీళ్లతో కడగకండి. ట్యాంక్ నుంచి తీసిన నీళ్లలో జాడించాలి, లేకపోతే క్లోరిన్ బ్యాక్టీరియాను చంపేస్తుంది.

కరెంటు పోతే ముందు వచ్చే ప్రమాదం ఆక్సిజన్ తగ్గడం. 20 డిగ్రీల నీళ్లలో లీటరుకు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ పడితే 30 డిగ్రీల దగ్గర ఏడున్నరే పడుతుంది. ఎండాకాలం టెన్షన్ ఇక్కడే. బ్యాటరీతో నడిచే ఎయిర్ పంపు ఇంట్లో ఉండి తీరాలి. కరెంటు వచ్చేదాకా మేత వేయకండి.

5. ఇంటికి తేవడం

దగ్గర్లోని షాపు నుంచి అరగంటలో తెచ్చిన చేపకు మెల్లగా మీ నీళ్లు కలుపుతూ అలవాటు చేయవచ్చు. చాలా గంటలు సంచిలో ప్రయాణించిన చేపకు ఇది పనికిరాదు. సంచిలో కార్బన్ డయాక్సైడ్ పేరుకుని పీహెచ్ పడిపోతుంది, అప్పుడు అమ్మోనియా అంత హాని చేయని రూపంలో ఉంటుంది. సంచి విప్పగానే ఆ గ్యాస్ బయటికి పోయి పీహెచ్ పెరుగుతుంది, అదే అమ్మోనియా విషంగా మారుతుంది. కాబట్టి మూసిన సంచినే నీళ్లపై తేల్చి వేడి సమం కానివ్వండి. తర్వాత విప్పి ఆలస్యం చేయకుండా చేపను దించేయండి. సంచి నీళ్లు పారబోయండి.

వేరే చేపలుంటే కొత్తదాన్ని నాలుగు వారాలు విడిగా ఉంచండి. మొదటి వారం తినకపోయినా కంగారు పడొద్దు.

6. మేత

పెద్ద లైటు తీసేసి, మసక వెలుతురులో రెడ్‌టెయిల్ తినడం ఒకసారి శ్రద్ధగా చూడండి. ముక్క నీళ్లలో పడగానే ఒళ్లు కదలదు, ముందు మీసాలు కదులుతాయి. పొడవాటి రెండూ ముందుకు చాచి అడుగును తడుముతుంది. ముక్కకు మీసం తగిలిన క్షణం ఆగి, మొప్పలు విప్పి, నోరు బార్లా తెరుస్తుంది. నీళ్లతో పాటు ముక్క లోపలికి పోతుంది. నమలడం లేదు. ఇసుక ఉంటే కొంత మొప్పల్లోంచి బయటికి వస్తుంది. గులకరాయి అయితే రాదు.

పిల్లలకు రోజూ ఒకసారి. అడుగు దాటాక రోజు విడిచి రోజు. రెండడుగులు దాటినవాటికి వారానికి రెండు సార్లు చాలు. పెద్ద రెడ్‌టెయిల్‌కు వారానికి ఒకసారి పెట్టినా ఏమీ కాదు. ఎంత వేయాలో చేప పొట్టే చెబుతుంది: పైనుంచి చూస్తే తిన్న తర్వాత కూడా పొట్ట తల వెడల్పును దాటకూడదు. మనల్ని చూడగానే పైకొచ్చి నోరు తెరుస్తుంది కదా అని మేపుతూ పోతే కాలేయం కొవ్వుపడుతుంది. నీళ్లు కూడా పాడవుతాయి.

మేతలో సగమైనా మునిగే పెల్లెట్లు (మేత గుళికలు) ఉండేలా చిన్నప్పుడే అలవాటు చేయండి. అందులో విటమిన్లు ఉంటాయి, నీళ్లు తక్కువ పాడవుతాయి. తినకపోతే రెండు మూడు రోజులు పస్తు పెట్టి, చేప ముక్కలో పెల్లెట్‌ను దూర్చి వేయండి. మిగతాది ముళ్లు తీసిన చేప ముక్కలు, రొయ్యలు, వానపాములు, ఆల్చిప్పల మాంసం మార్చి మార్చి పెట్టండి. గోల్డ్‌ఫిష్‌లో, కొన్ని పచ్చి రొయ్యల్లో, ఆల్చిప్పల్లో బి1 విటమిన్‌ను నాశనం చేసే థయామినేజ్ ఉంటుంది. ఏదో ఒక్కదాన్నే నెలల తరబడి పెట్టకండి. కోడి, మేక, గొడ్డు మాంసాల కొవ్వు ఈ చేపలకు సరిగా అరగదు, మానేయండి.

బతికున్న చేపలను మేతగా వేయడం నాకు సమ్మతం కాదు. వాటితో పరాన్నజీవులు వస్తాయి. లాభం ఏమీ లేదు.

తిన్న వెంటనే నీళ్లు మార్చడం, చేపను కదిలించడం చేయొద్దు. భయపడితే తిన్నదంతా కక్కేస్తుంది.

7. నీళ్ల మార్పు, అసలు లెక్క

వారం వారం సగం నీళ్లు మారుస్తున్నాం కదా, నైట్రేట్ ఎందుకు తగ్గడం లేదని చాలామంది అడుగుతారు. జవాబు లెక్కలో ఉంది. వారంలో మీ చేప వల్ల నైట్రేట్ 20 పీపీఎమ్ పెరుగుతోందనుకోండి. ప్రతివారం సగం నీళ్లు మారిస్తే అది కొన్నాళ్లకు మార్పుకు ముందు 40, మార్చాక 20 దగ్గర స్థిరపడుతుంది. నాలుగో వంతే మారిస్తే ముందు 80, తర్వాత 60 దగ్గర నిలబడుతుంది. వారంలో పెరిగినదాన్ని మీరు మార్చే భాగంతో భాగిస్తే గరిష్ఠం వచ్చేస్తుంది, అంతే.

మార్పుకు ముందు 40 దాటకూడదని పెట్టుకోండి. దాటుతుంటే మేత తగ్గించండి, లేదా ఎక్కువ నీళ్లు మార్చండి. కుళాయి నీళ్లలోనే నైట్రేట్ ఉంటే దాన్నీ లెక్కలో కలపాలి. కొత్త నీళ్ల వేడి పాతవాటికి రెండు డిగ్రీల లోపు తేడాలో ఉండాలి. నీళ్లను రాత్రంతా నిల్వ ఉంచితే క్లోరిన్ పోతుంది కానీ క్లోరమైన్ పోదు. మీ సరఫరాలో అది ఉంటే దాన్ని విరిచే డీక్లోరినేటర్ మందు వాడక తప్పదు.

8. తోడు చేపలు

నోట్లో పట్టేది ఏదైనా మేతే. పట్టనిదాన్ని కూడా రెడ్‌టెయిల్ ప్రయత్నిస్తుంది, గొంతులో అడ్డంపడి రెండూ చస్తాయి. ముళ్లున్న చిన్న క్యాట్‌ఫిష్‌లు, ప్లెకోలు (అద్దానికి నోటితో అంటుకునే సక్కర్ చేపలు) ఈ విషయంలో మరీ ప్రమాదం. సైజులో సమానంగా ఉన్న, లావుపాటి చేపలే తోడుగా పనికొస్తాయి. ఒంటరిగా ఉంచినా దీనికి ఏ లోటూ లేదు.

9. కొలను

పెద్ద చేపకు న్యాయం జరిగేది ఇక్కడే. ఒకటి నుంచి ఒకటిన్నర మీటరు లోతు, మూలలు గుండ్రంగా, అడుగున మధ్యకు వాలు, ఆ మధ్యలో మురికి బయటికి పోయే డ్రెయిన్. కట్టేటప్పుడే డ్రెయిన్ పెట్టకపోతే తర్వాత పెట్టడం దాదాపు అసాధ్యం.

కొత్త సిమెంట్ కొలనులో సున్నం ఊరి పీహెచ్ 10 దాటిపోతుంది. నింపడం, కొన్ని రోజులుంచి ఖాళీ చేయడం చాలాసార్లు చేయాలి. తొందరైతే చేపలకు హాని చేయని ఎపాక్సీ పూత వేయించండి. చివరిసారి నింపిన నీళ్లు వారం తర్వాత కూడా 8 లోపే ఉంటే చేపను దించవచ్చు.

గట్టు నీటిమట్టం కంటే ఒకటిన్నర అడుగు ఎత్తుండాలి, పైన గట్టి వల ఉండాలి. వల చేప దూకకుండా, కొంగలు, పిల్లులు రాకుండా కాపాడుతుంది. బయటికి పోయే ప్రతి పైపుకూ జాలీ బిగించండి. వరద నీరు చేరే పల్లంలో కొలను కట్టకండి. ఒక్క వానకే మీ చేప ఊరి కాలువలో పడుతుంది.

ఎండ తగిలే కొలనులో నాచు పెరుగుతుంది. పగలు ఆక్సిజన్ ఇచ్చే ఆ నాచే రాత్రి దాన్ని వాడేసుకుంటుంది. తెల్లవారుజామున ఆక్సిజన్ కనిష్ఠానికి పడుతుంది. ఆ వేళ చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తుంటే ఆకలి కాదు, ఊపిరి ఆడటం లేదు. నీళ్లలోకి గాలి పంపే ఏరేటర్‌ను పగలు ఆపినా రాత్రి మాత్రం ఆపకండి. సగం కొలనుకైనా నీడ కల్పించండి.

చలికాలంలో నీళ్లు 20 డిగ్రీల కంటే కిందకు పోయే చోట అమెజాన్ రకాలను ఆరుబయట ఉంచకూడదు.

10. జబ్బు చేస్తే

ముందు మందు కాదు, నీళ్లను పరీక్షించే టెస్ట్ కిట్ తీయండి. తినడం మానడం, వేగంగా మొప్పలాడించడం, మీసాలు అరిగిపోవడం ఎక్కువగా నీళ్ల లోపాలే. అమ్మోనియా లేదా నైట్రైట్ కనబడితే వెంటనే సగం నీళ్లు మార్చండి, మేత ఆపండి.

క్యాట్‌ఫిష్‌లకు పొలుసులు ఉండవు. రాగి, ఫార్మలిన్, మాలకైట్ గ్రీన్ ఉన్న మందులు వీటికి త్వరగా హాని చేస్తాయి. డబ్బా మీద రాసిన మోతాదులో సగంతో మొదలుపెట్టి చేపను గమనించాలి. తెల్లమచ్చల జబ్బుకు నీళ్లను రోజుకు ఒక డిగ్రీ చొప్పున 30కి పెంచి, గాలి బాగా ఇవ్వడం ముందు చేయదగ్గది. పరాన్నజీవి ఒంటి మీద ఉన్నప్పుడు మందు పనిచేయదు. అది రాలి నీళ్లలోకి వచ్చినప్పుడే చస్తుంది, అందుకని మచ్చలు పోయాక కూడా కొన్ని రోజులు కొనసాగించాలి.

11. పట్టుకోవడం, మార్చడం

వీపు రెక్కలో, పక్క రెక్కల్లో గట్టి ముళ్లుంటాయి. భయపడితే అవి నిలువుగా బిగుసుకుంటాయి. మామూలు వలలో చిక్కుకుంటే వల కోయాల్సిందే, చేపను లాగకండి. పెద్దదాన్ని నీళ్లలోనే మూత ఉన్న డబ్బాలోకి లేదా తడి గుడ్డ ఉయ్యాల్లోకి తోలి, ఇద్దరు కలిసి నీళ్లతో సహా ఎత్తండి. తోక పట్టి వేలాడదీస్తే వెన్నుకు దెబ్బ తగులుతుంది. తీసుకెళ్లే ముందు రెండు మూడు రోజులు మేత పెట్టకండి.

ముల్లు గుచ్చుకుంటే గాయాన్ని కడిగి, చర్మం కాలనంత వేడి నీళ్లలో, దాదాపు 45 డిగ్రీల దగ్గర, అరగంట నుంచి గంటన్నర ఉంచితే నొప్పి తగ్గుతుంది. ముందు రెండో చేతితో వేడి చూసుకోండి, ఎందుకంటే గాయపడిన చేతికి వేడి సరిగా తెలియదు. ఇంగిలాయి లాంటి విషపు ముళ్ల చేప అయినా, ముక్క లోపల విరిగినా, వాపు పాకుతున్నా డాక్టర్ దగ్గరకు వెళ్లండి.

ఇక ఉంచుకోలేని పరిస్థితి వస్తే పెద్ద కొలనున్న పెంపకందారులను ముందుగానే వెతకడం మొదలుపెట్టండి. పబ్లిక్ అక్వేరియంలకు ఇలాంటి అభ్యర్థనలు ఎప్పుడూ వస్తూనే ఉంటాయి, చాలావరకు తీసుకోరు. చెరువులో, నదిలో మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ వదలకండి. ఎవరూ దొరక్కపోతే చేపల వైద్యం తెలిసిన పశువైద్యుణ్ని కలిసి, బాధ లేకుండా ముగించే పద్ధతి అడగండి.